బస్సెక్కిన మూట

మొన్న శనివారం వర్జీనియాలో మా ఊరు హెర్న్‌డన్‌లో ఇండియన్ స్టోరు బయట ఒక పిల్ల నన్ను దొంగ అనుకుంది. అలా అనుకుందని నాకెలా తెలుసంటే, ఆ చూపు నేను నలభై ఏళ్ళుగా ఇతరుల మీద వాడుతున్నదే గనక వెంటనే గుర్తుపట్టాను. బిల్లు వరసలో నా ముందు నిలబడి, ఆష్‌బర్న్‌లో ఈమధ్యే ఇల్లు తీసుకున్నామనీ, వాళ్ళ వైపు దొరికే దొండకాయలన్నీ ముదురేననీ పది నిమిషాలు నాతో కబుర్లు చెప్పిన పిల్లే. ఇద్దరం కలిసి తలుపు దాటాం. నేనేదో ధ్యాసలో నా సంచీ ఆ పిల్ల చేతికిచ్చి, ఆ పిల్ల సంచీ నా భుజానికి తగిలించుకుని కార్ల వైపు నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక.

"ఆంటీ, ఆంటీ! అది నా బ్యాగ్! మీది నా దగ్గరుంది, మిక్స్ అయిపోయాయి!"

మిక్స్ కాలేదమ్మా, మార్చుకున్నాం, కారు దాకా నీది నేను మోస్తాను, నాది నువ్వు మొయ్యి అన్నాను. దాంతో ఆ పిల్ల ఇంకాస్త బెదిరి, పర్లేదాంటీ, నేను మేనేజ్ చేస్తానంటూ తన సంచీ లాక్కుని, నాది నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెబితే, "అమ్మా, నార్మల్ పీపుల్‌తో అలా చెయ్యకు, ప్లీజ్" అంది. నార్మల్ కాని ఈ అలవాటు నాకెక్కడిదో మా పిల్లలకి సగమే తెలుసు. మిగతా సగం, ఆ రోజుల్లో రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగిన నా ఈడు వాళ్ళకి చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

డెబ్భై ఏడులో నా పెళ్ళయింది. పెళ్ళయిన మూడు వారాలకే సెలవు అయిపోయిందని మా ఆయన వర్జీనియాకి వచ్చేశారు, నేను వీసా కోసం కందుకూరు దగ్గర అత్తవారింట్లో ఉండిపోయాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచి, చివరికి పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న నెలలు అవి. ఏడాది దాటాక కాగితాలు వచ్చాయి. వచ్చిన రోజునే మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి నెమ్మదిగా ఒక మాట బయటపెట్టారు. నా వీసా వస్తే కోడల్ని వెంటబెట్టుకుని తిరుమల దాకా కాలినడకన వస్తానని ఎప్పుడో మొక్కుకున్నారట. మొక్కు ఆవిడది, కాళ్ళు నావి. ఇంకొకరి కాళ్ళని వాళ్ళనడక్కుండా దేవుడికి రాసిచ్చే అధికారం మీకెవరిచ్చారని అడిగాను.

"వీసా నీకే గదమ్మే వచ్చింది," అన్నారు ఆవిడ.

డిబేట్‌లో ఓడిపోవడం నాకదే మొదలు.

ఆ వైపు నుంచి ఏటా ఉగాది వెళ్ళాక ఒక గుంపు నడిచి వెళ్ళేది. నలభై మంది దాకా ఉంటారు, పదకొండు రోజుల నడక. దారి పొడుగునా ఎక్కడ ఆగాలి, ఎవరింటి అరుగు మీద వండుకోవాలి అన్నీ చూసుకునేది ఒక రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. బయలుదేరే పొద్దున అందరం చెప్పులు విడిచి ఇంట్లో పెట్టేయాలి, మొక్కు తీరి కొండ దిగాక కొత్తవి కొనుక్కుని వేసుకోవాలి. ఇది అన్ని గుంపుల్లోనూ ఉండేదే. మా గుంపులో మాత్రం ఇంకొక పద్ధతి ఉండేది, నేను మరెక్కడా వినలేదు. ఎవరి మూట వాళ్ళు మోయకూడదు. ఇద్దరిద్దర్ని జత కడతారు, నీ మూట నీ జతమనిషి భుజం మీద, ఆ మనిషి మూట నీ భుజం మీద. ఎవరి బరువు వాళ్ళు మోసుకోవడానికి ఇంట్లో కూర్చుంటే చాలదా, కొండ దాకా దేనికి అనేవారు పెద్దాయన. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు: మనుషులే కాదు, మూట కూడా బండెక్కకూడదు, మూట బండెక్కితే దాని మనిషి బండెక్కినట్టే.

నాకు జత మా అత్తగారు. ఈ పద్ధతి సంగతి నాకు బయలుదేరే ముందే చెప్పారు గాని, చెవిన పెడితే కదా. నా మూటలో ఐదు చీరలు, పౌడరు డబ్బా, అద్దం, ఒక ట్రాన్సిస్టరు, అమెరికా వెళ్ళగానే ఏదో పరీక్ష రాయాలని ఇటుకలాంటి కెమిస్ట్రీ పుస్తకం ఒకటి కట్టుకున్నాను. ఆ మూట యాభై రెండేళ్ళ ఆవిడ భుజం మీద పదకొండు రోజులు నడిచింది. ఒక్కసారి కూడా ఇందులో ఏం పెట్టావని అడగలేదు. మూడో రోజు కావలి దాటాక, చీర చెంగు జారినప్పుడు ఆవిడ భుజం మీద పుస్తకం అంచు ఒత్తుకున్న ఎర్రటి గీత చూశాను. ఇప్పటికీ ఏ ప్రయాణానికైనా పెట్టెలో ఏదైనా పెట్టబోతే ఆ గీత కనిపిస్తుంది, సగం తీసి బయట పెట్టేస్తాను. మా ఇంటికొచ్చిన చుట్టాలు నా సూట్‌కేసు ఎత్తి చూసి ఇంతేనా అని ఆశ్చర్యపోతారు, అదేదో నా నిరాడంబరత అనుకుంటారు పాపం.

తొమ్మిదో రోజు నాయుడుపేట నుంచి కాళహస్తి వైపు నడుస్తున్నాం. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు, రెండు అరికాళ్ళూ బొబ్బలు, ఒక బొబ్బ చితికి ఉంది. ఎండకి కాళ్ళకి పాత గుడ్డలు చుట్టుకోవచ్చు గాని నావి ఊడిపోయి ఎక్కడో పడిపోయాయి. గుంపు వెనకబడింది, నేనూ మరో ఇద్దరూ ముందున్నాం, ఆ ఇద్దరూ నీళ్ళకని పక్కకి వెళ్ళారు. అప్పుడు కాళహస్తి బస్సు ఒకటి వచ్చి, నేను చెయ్యెత్తకుండానే ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కు తల్లీ, ఎనిమిది మైళ్ళేగా, దేవుడేం లెక్కలు రాసుకోడులే" అన్నాడు. ఆ మాట నాకు చాలా శాస్త్రీయంగా తోచింది. ఎక్కేశాను.

కాళహస్తి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక కాలికి చుట్టుకోవడానికి ఏమైనా ఉంటుందేమోనని నా ఒళ్ళోని మూట విప్పాను. అది మా అత్తగారి మూట. ఒక చీర, ఒక ఇత్తడి గ్లాసు. తక్కినదంతా చింపి మడిచిన పాత గుడ్డ పీలికలు, పసుపు కొమ్ము, వేపనూనె సీసా. నా కాళ్ళకే. తన కాళ్ళు నలభై ఏళ్ళుగా పొలం గట్ల మీద నడిచినవి, వాటికి ఇవేవీ అక్కర్లేదు.

పొద్దు వాటారాక గుంపు వచ్చింది. ఆవిడ నన్ను చూశారు, నా ఒళ్ళో మూట చూశారు. పెద్దాయన నా గురించి అడిగితే, "మా కోడలు ముందే నడిచొచ్చేసింది, చదువుకున్న పిల్ల గదా, చురుకు" అన్నారు. చదువుకీ కాళ్ళకీ సంబంధమేమిటో పెద్దాయన అడగలేదు. ఆవిడ నా పక్కన కూర్చుని వేపనూనె రాసి గుడ్డలు చుట్టారు, బస్సు మాట అప్పుడెత్తలేదు, తిరుమల మెట్లెక్కుతున్నప్పుడెత్తలేదు, ఆ తరవాతా ఎత్తలేదు. కొండ దిగాక అందరితోపాటు నేనూ కొత్త చెప్పులు కొనుక్కున్నాను, ఎర్రటివి. ఆవిడ కొనుక్కోలేదని అప్పుడు చూడలేదు. ఆ వయసులో ఎవరి కాళ్ళు వాళ్ళకే కనిపిస్తాయి.

ఇక్కడికొచ్చాక ఆ పదకొండు రోజులు మరిచిపోదామనే అనుకున్నాను. అప్పటి హెర్న్‌డన్ ఇప్పటిది కాదు. మెంతికూర కావాలంటే గంట డ్రైవ్ చెయ్యాలి, చీర కట్టుకుని బయటికి వస్తే పెళ్ళికి వెళ్తున్నారా అని అడిగేవారు. నాకు ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. కొత్తలోనే గమనించాను, పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నా చేతులు వాటంతటవే మా ఆయన బ్యాగు అందుకుంటున్నాయి, నాది ఆయనకిస్తున్నాయి. ఆయన లంచ్ నేను కడితే నా లంచ్ ఆయన కట్టాలని పట్టుబట్టాను. మొదట్లో విసుక్కున్నారు. నా డబ్బాలో పెరుగు మూత సరిగ్గా పెట్టకపోతే మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఫోన్ వస్తుందని తెలిశాక మాత్రం మనిషిలో శ్రద్ధ వచ్చింది. అత్తగారి నుంచి నెలకొక ఎయిరోగ్రామ్ ఉత్తరం వచ్చేది, క్షేమంగా ఉన్నాము, మీరు క్షేమమని తలుస్తాము. అంత మర్యాద నాకు అనుమానంగా ఉండేది. ఆవిడ అలా మాట్లాడే మనిషి కాదు.

ఎనభై నాలుగు మే నెలలో, నాకు మొదటి కాన్పని ఆవిడ వచ్చారు. నిండు చూలాలినై ఎయిర్‌పోర్టులో నిలబడి చూస్తుంటే, పట్టుచీర, చేతిలో ఊరగాయ జాడీ, తళతళలాడే ఆ నేల మీద వట్టి కాళ్ళతో నడిచి వస్తున్నారు. చెప్పులేవమ్మా అని మా ఆయన అడిగితే, విమానంలో ఎవరో తొక్కితే తెగిపోయాయిరా అన్నారు. మర్నాడు ఆయన ఒక జత కొని తెచ్చారు. బిగువుగా ఉన్నాయన్నారు. ఇంకో జత, వదులు. మూడోది బరువు. నాలుగోది తెల్లటి కాన్వాసు బూట్లు, వాటికి ఏ వంకా దొరక్క, ఆ నాలుగు జతల్నీ గోడవారగా వరసగా పెట్టి, భరతుడు పాదుకల్ని చూసుకున్నట్టు రోజూ దుమ్ము తుడిచి చూసుకునేవారు. వేసుకునేది మాత్రం లేదు. చెప్పుల్లేని వాళ్ళకి ప్రవేశం లేదని స్టోర్ల తలుపుల మీద బోర్డులుండేవి, నేను ఆవిడ చీర కుచ్చిళ్ళు నేలకి జీరాడేలా దించి లోపలికి తీసుకెళ్ళేదాన్ని. పక్కింటి అమెరికన్ ఆవిడ పాపం వాళ్ళమ్మవి పాత స్లిప్పర్లు తెచ్చిచ్చింది. అంతకంటే మనవాళ్ళే నయం, తేవడం గివడం ఏమీ లేదు, మాటే. తలా ఒక వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో ఒకసారి పదిమంది వినేలా ఒకావిడ అడిగింది.

"ఏమ్మా, ఇద్దరి జీతాలూ వస్తున్నాయిగా, పెద్దావిడకి ఒక జత చెప్పులు కొనకపోతిరా?"

"నాలుగు జతలున్నాయండీ, మీ సైజు ఎంత?" అన్నాను. ఆవిడ ఆర్నెల్లు మాట్లాడలేదు, అది నాకు కలిసొచ్చిన లాభం.

జూన్‌లో పాప పుట్టింది. సెప్టెంబరులో అత్తగారి ఎడమ మడమ పగుళ్ళలో ఒకటి పుండు పడింది, ఎంతకీ మానదు. డాక్టరుకి చూపిస్తే షుగరని తేలింది. ఆ డాక్టరమ్మ నెత్తి పూర్తిగా నెరిసిన మనిషి, మాటలు తూచి మాట్లాడేది. చలి ముదిరేలోగా ఈవిడ కాళ్ళకి బూట్లు పడాలి, మంచులో వట్టి కాళ్ళతో తిరిగితే ఈ కాలు నిలుస్తుందని నేను మాటివ్వలేను అంది. నేను తెలుగులో చెప్పాను, నా సొంతంగా మరికొంత కలిపి చెప్పాను. అత్తగారు శ్రద్ధగా విని, తల ఊపి, డాక్టరమ్మకి నమస్కారం పెట్టి, వట్టి కాళ్ళతోనే పార్కింగ్ లాట్ దాటి వచ్చి కార్‌లో కూర్చున్నారు.

కారు స్టార్ట్ చెయ్యకుండా అరిచాను. మీ మొండితనానికి మీ అబ్బాయి జవాబు చెప్పుకుంటాడా, నేను చెప్పుకోవాలా, లోకం కోడల్నే అంటుంది అని ఏమేమో అన్నాను. నేను ఆయాసపడి ఆగాక ఆవిడ నిదానంగా, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"మొక్కు తీరందే చెప్పులెట్టా ఏసుకునేదమ్మే? నా నడకలో ఎనిమిది మైళ్ళు తక్కువుండాయి."

నాకు అర్థం కావడానికి కాస్సేపు పట్టింది. 

"మీరు ప్రతి అడుగూ నడిచారు కదత్తయ్యా. బస్సెక్కింది నేను."

"నువ్వెక్కినావు, దూరాన్నుంచి నేను చూసినా. నీతో నా మూట ఎక్కింది."

"మూటకి కాళ్ళుంటాయా?"

"ఆ పొద్దు దానికి కాళ్ళు నువ్వే గదా," అన్నారు.

ఆరేళ్ళు. నేను ఎర్రచెప్పులు అరగదీసి, స్నో బూట్లు కొనుక్కుని, ఆఫీసుకి ఎత్తు మడమల జోళ్ళు వేసుకుని టకటకలాడించిన ఆరేళ్ళూ ఆవిడ వట్టి కాళ్ళతో తిరిగారు. కొడుక్కి చెప్పలేదు, గుంపులో చెప్పలేదు, నాకూ చెప్పలేదు. చెబితే కోడలు బస్సెక్కిందని చెప్పాలి మరి.

ఇంకెవరైనా అయితే ఏడ్చేవారు. నాకు కోపం వచ్చింది, కోపం వస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. మూడు రోజులు ఆలోచించి, పప్పు తాలింపు వేస్తూ నా వాదన ఆవిడ ముందు పెట్టాను. అత్తయ్యా, మీ కాళ్ళు నడవాల్సింది నడిచేశాయి, తక్కువపడ్డది మూట నడక. కాబట్టి ఆ ఎనిమిది మైళ్ళు నడవాల్సింది మూట. దాని కాళ్ళు నేనని మీరే అన్నారు. మీరు పుండుతో ఒక్క అడుగు వెయ్యక్కర్లేదు, మీ మూట నాకివ్వండి, నేను నడుస్తాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.  మర్నాడు కాఫీ తాగుతూ షరతులు చెప్పారు: గుండ్రంగా ఇక్కడిక్కడే తిరగకూడదు, చివర దేవుడుండాలి, మధ్యలో ఎవరు పిలిచినా బండెక్కకూడదు, మూట తన చేత్తోనే కడతారు, నేను విప్పి చూడకూడదు. మూట దిగిన మరుక్షణం బూట్లు వేసుకోవాలని నా షరతు. దించు, అప్పుడు మాట్లాడదాం అన్నారు.

దేవుడి సంగతి సులువుగానే తేలింది. అప్పట్లో మాకు గుడీ గోపురమూ ఏవీ దగ్గర్లో లేవు. మా ఆయనతో పనిచేసే ఒకాయన ఆష్‌బర్న్‌లో పాత ఫార్మ్ ఇల్లు అద్దెకి తీసుకుని, దాని గరాజ్‌లో తిరుపతి నుంచి తెచ్చిన నిలువెత్తు వేంకటేశ్వరుడి పటం పెట్టాడు. శనివారాలు ఇరవై మందిమి అక్కడ చేరి భజన చేసి, కలిసి భోజనాలు చేసేవాళ్ళం. ఎంత దూరమో ఓడోమీటర్‌లో కొలిచాను, మా వాకిలి నుంచి ఆ గరాజ్ దాకా ఎనిమిది మైళ్ళకి రెండు వందల గజాలు ఎక్కువ. గరాజ్‌లో పటం మీకు చెల్లుతుందా అంటే, "అడ్రసులు మనుషులకమ్మే, ఆయనకెందుకు" అన్నారు. నేను నడిచి వస్తానని, కాన్పు తరవాత నడవమని డాక్టరు చెప్పిందని మా ఆయనకి చెప్పాను. ఆయన పేపర్‌లోంచి తలెత్తకుండానే మంచిదేగా అన్నారు.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున ఆవిడ మూట నా భుజం మీద పెట్టారు. నేను గుర్తుపట్టాను, అదే పాత దుప్పటి, కందుకూరు నుంచి పెట్టె అడుగున పెట్టుకుని తెచ్చుకున్నారు. మొదటి మైలు ఫుట్‌పాత్ లేని రోడ్డు. చీర కట్టుకుని మూటతో నడుస్తున్న మనిషిని చూసి దాదాపు ప్రతి కారూ ఆగింది. పికప్ ట్రక్కులో ఒక ముసలాయన, తరవాత చర్చికి పువ్వులు తీసుకెళ్తున్న ఇద్దరాడవాళ్ళు, ఆ తరవాత పోలీసు కారు. ఎక్కడికి, ఎందుకు, ఇంట్లో అంతా బాగానే ఉందా అని పోలీసు అడిగాడు. ఈ మూట ఒకప్పుడు పొరపాటున బస్సెక్కింది సార్ అని చెప్పడానికి నా ఇంగ్లీషు చాలక, ఎక్సర్‌సైజ్ అన్నాను. అతను మూట వంక చూసి, అరమైలు దూరం నా వెనకే నెమ్మదిగా వచ్చి, నేను పాత రైలుదారిలోకి తిరిగాక వెళ్ళిపోయాడు. ఎప్పుడో రైళ్ళు ఆగిపోయి పట్టాలు పీకేసిన దారి అది. కింద కంకర, రెండు వైపులా ఎర్రబడ్డ చెట్లు, అవి దాటితే పాడి ఆవులు. నాయుడుపేట రోడ్డు కన్నా వెయ్యి రెట్లు నయం, పైగా నా కాళ్ళకి బూట్లున్నాయి.

ఆరో మైలు దాటాక ఒక మట్టిరోడ్డు అడ్డంగా వచ్చే చోట మా కారు ఆగి ఉంది. మా అత్తగారిని ఫార్మ్ ఇంటి దగ్గర దింపి, పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే, సీసా పాలు ముట్టుకోకపోతే, మా ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పాప ఏడుపు వినగానే నా రవిక తడిసిపోయింది. తల్లులైన వాళ్ళకి ఆ నొప్పి చెప్పక్కర్లేదు. ఆయన కారు తలుపు తీసి, ఎక్కు, ఎక్కు అన్నారు. నేను పాపని చేతుల్లోకి తీసుకుని, మూట భుజాన ఉండగానే, రోడ్డు పక్క గడ్డిలో చతికిలబడ్డాను. కంచె అవతల నుంచి ఆవులు చూస్తున్నాయి. కార్లో కూర్చుని ఇవ్వచ్చు కదా, నీకేమైనా పిచ్చా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అని ఆయన కేకలు. ఇక దాచి లాభం లేదని, పాలిస్తూనే, బస్సు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను.

 పొద్దున డాక్టరు పేరు చెప్పిన నా నోటినీ, ఇన్నాళ్ళూ చెప్పుల్లేకుండా తిరిగిన తల్లినీ ఆయన కలిపి చూసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, గొంతు తగ్గించి అన్నారు.

"సరే, ఎక్కు. ఆ ఇంటి మలుపు దగ్గర దింపేస్తాను. అమ్మకెలా తెలుస్తుంది?"

తెలియదు. నిజంగానే తెలియదు. ఆవిడ బూట్లు వేసుకుంటారు, కాలు దక్కుతుంది, పాప ఏడుపు మానుతుంది, అందరికీ క్షేమమే. నా చదువుకి అంతకంటే సబబైన మాట ఇంకొకటి లేదు, ఆయన స్థానంలో నేనుంటే అదే అనేదాన్ని. దేవుడు లెక్కలు రాసుకోడని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కాని మూట నాది కాదు. నాదైతే ఎక్కేసేదాన్ని.

పాప కడుపు నిండి నిద్రపోయాక ఆయన చేతికిచ్చి, లేచి నడిచాను. ఆయన వెళ్ళిపోలేదు. ఆ మిగిలిన దూరంలో రోడ్డు కనిపించే ప్రతి చోటా కారు ఆపుకుని, పాపని ఎత్తుకుని నిలబడ్డారు. నేను దాటగానే ముందుకెళ్ళి మళ్ళీ నిలబడేవారు. ఒక్కసారి కూడా ఎక్కమనలేదు.

ఫార్మ్ ఇంటి గేటు దగ్గర, కంకర మీద, కట్టు కట్టిన మడమ నేలకి ఆనకుండా మునివేళ్ళ మీద నిలబడి ఉన్నారు మా అత్తగారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో. నన్ను పలకరించకుండా భుజం మీంచి మూట దించుకుని, తిన్నగా గరాజ్‌లోకి తీసుకెళ్ళి పటం ముందు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, ముడి విప్పారు. అందులో ఒక చీర, ఇత్తడి గ్లాసు, వాటి మధ్య మా ఆయన కొన్న తెల్లటి కాన్వాసు బూట్లు.

"మీ బూట్లు నాతో మోయించారా?"

"ఏసుకునేయి గూడా నడిచొస్తే మంచిదని," అన్నారు ఆవిడ, పాదం నా వైపు చాపుతూ.

నేను కింద కూర్చుని రెండు జతల సాక్సు, ఆ మీద బూట్లు తొడిగి లేసులు కట్టాను.  ఆవిడ రెండడుగులు వేసి, బురదలో నడిచేదాన్లా కాళ్ళెత్తి ఎత్తి పెడుతూ, ఇవి తొడుక్కుని మీరంతా ఎట్టా బతకతన్నారమ్మే అన్నారు. గరాజ్‌లో ఉన్న ఇరవై మందికీ ఏం జరిగిందో తెలియదు గనక, చెప్పులు కొనకపోతిరా అన్న ఆవిడ మాత్రం, అమ్మయ్యా, కోడలికి ఇప్పటికి దయకలిగింది అంది. నేను జవాబు చెప్పలేదు. నా జీవితంలో అలా వదిలేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పుండు నవంబరుకి మానింది. దాంతోపాటు నేనూహించనిది ఇంకొకటి జరిగింది. మా అత్తగారికి నోరొచ్చింది. నోరు జారితే బస్సు ఎక్కడ బయటపడుతుందోనని ఆరేళ్ళుగా నాతో పొదుపుగా మాట్లాడుతున్న మనిషి, మర్నాడు పొద్దున నా సాంబారు నోట్లో పెట్టుకుని, ఇది చెయ్యడానికేనా అంత చదువు చదివింది అన్నారు. అక్కడి నుంచి ఆవిడకీ నాకూ పడ్డ విషయం లేదు. పాపకి ఉగ్గు, ఎన్నికలు, చింతపండు నానబెట్టే తీరు, పాప జ్వరానికి మిరియాలా మాత్రా, అన్నిటి మీదా వాదనే, ఇద్దరిలో ఎవరమూ తగ్గేవాళ్ళం కాదు. వాదించుకుంటూనే కూరల సంచులు మార్చుకుని మోసేవాళ్ళం. ఎనభై ఏడులో ఇద్దరం కలిసి ఇండియా వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర అమ్మాయి, మీ పెట్టె మీరే సర్దుకున్నారా, ఎవరిదైనా మోస్తున్నారా అని అడిగితే, నేను నిజం చెప్పాను: నాది ఆవిడ సర్దారు, ఆవిడది నేను సర్దాను, ఆవిడది నేను మోస్తున్నాను, నాది ఆవిడ. మా పెట్టెలు రెండూ అక్కడే బల్ల మీద విప్పించారు. నలుగురి ముందూ గోంగూర పచ్చడి సీసాలు బయటపడ్డాయి. నిజం చెప్పడానికీ సమయం ఉండాలమ్మే అని ఆవిడ విమానం ఎక్కేదాకా నాకు నీతులు చెబుతూనే ఉన్నారు. బస్సు విషయంలో ఆరేళ్ళు నోరు కట్టుకున్నావిడ.

తరవాత పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చిన్నప్పుడు అక్క బ్యాగు తమ్ముడూ, తమ్ముడి బ్యాగు అక్కా మోసేవాళ్ళు, గులాబీరంగు బ్యాగుతో ఎందుకు పంపిస్తున్నారని టీచరు చీటీ కూడా పంపింది. ఇప్పుడు ఎవరి చక్రాల పెట్టె వాళ్ళే లాక్కుంటున్నారు, దానికి రెండో మనిషి అవసరం లేదు. ఆ పాత రైలుదారికి నున్నటి తారు వేశారు. ఆవులున్న చోట కిటికీల్లేని పెద్ద పెద్ద డేటా సెంటర్లు వచ్చాయి, లోపల ఏవో నిరంతరం హోరుమంటూ ఉంటాయి. ఆదివారాలు అప్పుడప్పుడు అటు నడుస్తాను. వెనక నుంచి సైకిళ్ళ వాళ్ళు తప్పుకోమంటారు, తప్పుకుంటాను. ఎవరూ ఆగి ఎక్కడికని అడగరు.

మా అత్తగారు పోయి పదిహేనేళ్ళు దాటింది. మా ఇంట్లో ఇప్పుడు నాతో ఎవరూ వాదించరు. పిల్లలు ఫోన్‌లో, ఓకే అమ్మా, యూ ఆర్ రైట్ అంటారు. మా ఆయనకి సహజంగానే ఓపిక తక్కువ, నువ్వు చెప్పిందే కరెక్ట్ అని టీవీ చూసుకుంటారు. నలభై ఏళ్ళు దెబ్బలాడి సంపాదించుకున్న ఈ గెలుపుని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. మొన్న శనివారం తెచ్చిన దొండకాయలతో వేపుడు చేశాను, ఉప్పు రెండుసార్లు పడిందని వడ్డించేటప్పుడే నాకు తెలుసు. భోజనానికొచ్చిన పిల్లలిద్దరూ, మా ఆయనా, ముగ్గురు తిన్నారు. ముగ్గురూ బాగుందనే అన్నారు. ఆవిడే ఉంటేనా, మొదటి ముద్దకే కంచం అవతలికి నెట్టేసేవారు.